ఆదివారం గ్రూప్ రైడ్‌కి కొత్తవాళ్లు వస్తున్నారు, నిలవట్లేదు. మీ దగ్గర ఎలా నడుపుతున్నారు?

పెద్దచెరువు గట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది విజయనగరంలో చిన్న సైకిల్ క్లబ్. రిజిస్ట్రేషన్లూ చందాలూ ఏమీ లేవు. ఒక వాట్సాప్ గ్రూపు, ఆదివారం తెల్లవారకముందే కోట దగ్గర కలుసుకోవడం, అంతే. బ్యాంకు వాళ్లు, టీచర్లు, ఇంజనీరింగ్ కుర్రాళ్లు, మెడికల్ షాపు ఆయన ఒకరు, ఈమధ్య ఆడవాళ్లు కూడా వస్తున్నారు. మామూలుగా నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లి టీ తాగి వచ్చేస్తాం. ఓపిక ఉన్న వారం గంట్యాడ మీదుగా తాటిపూడి రిజర్వాయరు, చలికాలంలో చింతపల్లి బీచ్.

కొత్తవాళ్లు ఉత్సాహంగా వస్తారు, హెల్మెట్ కొంటారు, రెండు మూడు వారాలు తొక్కుతారు, తర్వాత కనిపించరు. గ్రూపులోంచి బయటికి పోరు, ఫోటోలకి లైకులు పెడతారు, కానీ ఆదివారం రారు. కొందరికి ఫోన్ చేసి అడిగాను. ఒకాయన "నా వల్ల మీ అందరికీ ఆలస్యమైపోతోందండీ, అందుకే మానేశాను" అన్నారు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

జరిగేది ఇది. నెల్లిమర్ల దాకా అందరం కలిసే ఉంటాం. అది దాటి రోడ్డు ఖాళీ అవగానే స్పీడ్ ఉన్న కుర్రాళ్లు ముప్పై మీద పట్టుకుంటారు, వాళ్లని చూసి మధ్యలోవాళ్లు లాగుతారు, చివర కొత్తగా వచ్చిన మనిషి ఒక్కడూ పొలాల మధ్య మిగిలిపోతాడు. రామతీర్థంలో ముందు చేరినవాళ్లు టీలు తాగి, కోనేరు దగ్గర ఫోటోలు దిగి, కబుర్లన్నీ అయ్యాక ఈయన చేరతాడు. చేరగానే "హమ్మయ్య వచ్చేశారా, ఇంక బయల్దేరదామా" అంటారు. అందరికంటే అలిసిపోయినవాడికి అందరికంటే తక్కువ విశ్రాంతి! ఇది అన్యాయం అని నాకు అనిపిస్తుంది.

ఆ కుర్రాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ఎవరికి పంక్చర్ అయినా ముందు దిగి ట్యూబు మార్చేది వాళ్లే. రెండు గ్రూపులు చేసెయ్యమని కొందరు అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. రిటైర్డ్ హెడ్మాస్టారూ బీటెక్ సెకండియర్ కుర్రాడూ పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కేది మా ఊళ్లో ఇంకెక్కడా నేను చూడలేదు, అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు. శ్రీకాకుళం, బొబ్బిలి, వైజాగ్ వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

మాస్టారూ, ఇది మీ ఒక్కరి క్లబ్ సమస్య కాదు, మేమూ దీన్ని దాటుకునే వచ్చాం. మాకు పనికొచ్చినవి చెప్తాను, వీలైనవి తీసుకోండి.

అన్నిటికంటే ముందు ఆ టీ దగ్గర పద్ధతి మార్చండి. మా దగ్గర రూల్ ఏమిటంటే, చివరి మనిషి వచ్చి సైకిల్ స్టాండ్ వేసిన తర్వాతే టైమ్ మొదలవుతుంది. ఆయన టీ తాగి, నీళ్లు తాగి, కాళ్లు చాపుకుని కూర్చుని, తనంతట తాను "వెళ్దామా" అనే వరకూ ఎవరూ హెల్మెట్ చేతిలోకి తీసుకోకూడదు. మొదట్లో కుర్రాళ్లు కొంచెం గునిశారు. ఎంతసేపు కూర్చున్నా ముందుగా వచ్చినందుకు లాభం లేదని తెలిశాక వాళ్లే వేగం తగ్గించారు, మేం ఎవర్నీ మందలించాల్సిన పని పడలేదు.

రెండోది, ముందొకరు, వెనకొకరు. ముందు ఉండే లీడ్‌ని ఎవరూ దాటకూడదు, వెనక ఉండే స్వీప్ ఎవర్నీ దాటకూడదు. చాలా క్లబ్బుల్లో లీడ్‌గా స్పీడ్ మనిషిని పెడతారు, స్వీప్‌గా పాపం నిదానంగా తొక్కేవాడే ఎలాగూ వెనక ఉంటాడు కదా అని వదిలేస్తారు. అది తిరగెయ్యండి. స్వీప్ అందరికంటే గట్టివాడై ఉండాలి. పంక్చర్ కిట్, పంపు, స్పేర్ ట్యూబు, టైర్ లివర్లు అతని దగ్గరే ఉండాలి, ఎందుకంటే ముందువాడి దగ్గర కిట్ ఉండి వెనకవాడికి పంక్చర్ అయితే ఫోన్ చేసి వెనక్కి రప్పించాలి. లీడ్ మాత్రం ఓర్పున్న మనిషి అయితే చాలు.

స్పీడ్ బ్రేకర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. మన ఊళ్ల రోడ్ల మీద బడి దగ్గరొకటి, గుడి దగ్గరొకటి ఉంటాయి. ముందున్నవాడు బ్రేకర్ దాటగానే మళ్లీ మామూలు వేగం అందుకుంటాడు, అప్పటికి పదో మనిషి ఇంకా బ్రేకర్ ఎక్కనే లేదు. వాడు దాటేసరికి ముందు యాభై మీటర్లు ఖాళీ, దాన్ని పూడ్చడానికి గట్టిగా తొక్కాలి. ప్రతి బ్రేకర్‌కీ, ప్రతి మలుపుకీ ఇదే. ముందువాడు రైడ్ అంతా హాయిగా ఒకే వేగంలో వెళ్లినట్టు అనుకుంటాడు, చివరివాడు మాత్రం ఇరవై సార్లు స్ప్రింట్ కొట్టి ఉంటాడు. కొత్తవాళ్లు అలిసిపోవడానికి సగం కారణం ఇదే అని నా గట్టి నమ్మకం. లీడ్ బ్రేకర్ దాటాక కాసేపు కాళ్లు ఆడించీ ఆడించనట్టు ఉంచి, చివరి మనిషి దాటాడని స్వీప్ విజిల్ వేశాకే అందుకోవాలి. ఒక్క విజిల్‌తో మా రైడ్ మొత్తం మారింది.

ఇక ఆ స్పీడ్ కుర్రాళ్లకి పని కల్పించండి, గాలి పని. మేం కళింగపట్నం వెళ్తాం, వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్ దగ్గర కాసేపు కూర్చుని వస్తాం. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. ఫిబ్రవరి దాటితే మన తీరంలో గాలి నైరుతి నుంచి కొడుతుంది కదా, తిరిగి వచ్చేటప్పుడు అది నేరుగా మొహానికే. ఎండ ఎక్కే కొద్దీ ఇంకా బలంగా. అప్పుడు బలమున్నవాళ్లు వంతులవారీగా ముందుండి గాలి కాస్తారు. వెనక దగ్గరగా తొక్కేవాడికి శ్రమలో పావు వంతుకి పైగానే తగ్గుతుంది. లెక్క కూడా చూడండి, వేగం 20 నుంచి 25కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఎదురుగాలి కూడా వేగం పెంచినట్టే, అందుకే అందులో ఒంటరిగా వదిలేసిన కొత్తవాడు మనకంటే నిదానంగా వెళ్తూ కూడా మనకంటే ఎక్కువ కష్టపడుతూ ఉంటాడు. మా వాళ్లకి ఇది అర్థమయ్యాక ముందుండడం గౌరవం అయిపోయింది. అయితే కొత్తవాళ్లని మొదటిరోజే మరీ చక్రానికి చక్రం ఆనించేంత దగ్గరగా రానివ్వకండి, ఒక సైకిల్ పొడుగు ఖాళీ ఉంచమనండి.


గంట్యాడ రోడ్డు

నాగావళి గారు చెప్పినవన్నీ సరే. నాది ఒక్కటే మాట, కొత్తవాళ్ల సైకిళ్లు చూడండి. చాలామందికి ఓపిక లేక కాదు, టైర్లలో గాలి ఉండదు, సీటు కిందికి ఉంటుంది. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అచ్చువేసి ఉంటుంది, శనివారం రాత్రి అది చూసి కొట్టుకోమనండి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందిదాకా దించితే మోకాలు పూర్తిగా చాపుకోవాలి, అది కొలత. కోట దగ్గర బయల్దేరే ముందు పది నిమిషాలు దీనికి ఇస్తే చాలు, లావు టైర్ల ఎంటీబీ (మౌంటెన్ బైక్) కూడా గంటకి రెండు కిలోమీటర్లు ఎక్కువ వెళ్తుంది.


తెల్లవారుజాము (విజయనగరం)

నేను ఆడమనిషిని, మీ క్లబ్ కాదు గానీ ఇదే ఊరు. ఇంతవరకూ అందరూ స్పీడ్ గురించే రాశారు, అందుకని రాస్తున్నాను.

నేను ఒక గ్రూపులో చేరి మానేసి, ఇంకో గ్రూపులో కుదురుకున్నాను. స్పీడ్ ఒక్కటే కారణం కాదండీ. చీకట్లో బయల్దేరతాం, నా వెనక మన మనిషి ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు, ఏ ఊరి పొలిమేర దగ్గరో కుక్కలు వెంటపడతాయి, అరిస్తే వినేవాళ్లు ముందు ఎక్కడో ఉంటారు. ఆ టెన్షన్‌తో తొక్కడం ఎంత అలసటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడున్న గ్రూపులో కుక్కలు వస్తే అందరం వేగం తగ్గించి ఒక చోటికి చేరి, దిగి, సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడుస్తాం. పరిగెత్తేవాళ్లు లేకపోతే అవీ కాసేపటికి ఊరుకుంటాయి.

ఇంకోటి బాత్రూం. ఇది ఎవరూ అడగరు, మేమూ చెప్పం. చెప్పలేక నీళ్లు తాగడం మానేస్తాం. ఎండలో రెండు మూడు గంటలు నీళ్లు తాగకుండా తొక్కితే ఏమవుతుందో మీకు తెలుసు. రూటు వేసేటప్పుడే పెట్రోల్ బంకో, తెరిచి ఉండే గుడి వసతో ఎక్కడుందో చూసి అక్కడ ఆగుతామని ముందే గ్రూపులో రాసెయ్యండి. అడగాల్సిన అవసరం రాకూడదు.

తిరిగి చేరే టైమ్ కూడా ముందే చెప్పండి. ఎనిమిదిన్నరకి ఇంటికి అంటే ఎనిమిదిన్నరకే. ఆదివారం అయినా ఇంట్లో మా కోసం పని ఎదురుచూస్తూనే ఉంటుంది, "ఇంకో టీ, ఇంకో ఫోటో" అంటూ తొమ్మిదిన్నర చేస్తే పై వారం ఇంట్లో వద్దంటారు. మీరు ఫోన్ చేసి కారణం అడిగానన్నారు, చాలా మంచి పని చేశారు. ఆడవాళ్లకి మాత్రం మీ ఇంట్లో ఆవిడ చేతో, క్లబ్బులో ఉన్న ఇంకో ఆవిడ చేతో చేయించండి. అప్పుడే అసలు సంగతి చెప్తారు.


బ్రెవే కుర్రోడు

నేను ఆ "ముప్పై మీద పట్టుకునే" రకమే అన్నా, మా వైపు కూడా వినండి. వారమంతా ఆఫీసు, ఆదివారం ఒక్కటే దొరుకుతుంది, అది కూడా పదిహేనులో తొక్కితే మాకు తొక్కినట్టే ఉండదు. గ్రూపులు విడగొట్టడం పాపమేం కాదు. పెద్ద ఊళ్ల క్లబ్బుల్లో అలాగే చేస్తారు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. మాలో చాలామందికి 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే ఇచ్చిన టైమ్‌లోగా ముగించాల్సిన దూరపు రైడ్, పూర్తి చెయ్యాలని కోరిక. దానికి ఇచ్చే టైమ్ పదమూడున్నర గంటలు. ఆగడాలూ తినడాలూ అన్నీ కలుపుకుని సగటున గంటకి పదిహేను పడితే సరిపోతుంది! 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40, అక్కడా అంతే. కావలసింది ఒకే తీరులో గంటల తరబడి తొక్కడం, గాలిలో ఓపిక, రాత్రి పూట పంక్చర్ వెయ్యడం. రామతీర్థం రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు ప్రాణం పెట్టి లాగితే ఇవేవీ రావు. కాబట్టి స్పీడ్ ఇష్టమైనవాళ్లు వారం మధ్యలో ఒక రోజు పొద్దున్న విడిగా గట్టిగా తొక్కుకోండి, ఆదివారం అందరితో ఉండండి. ఇంకా కాళ్లు ఆడుతుంటే అందర్నీ కోట దగ్గర దింపాక ఇంకో నలభై కొట్టుకోవచ్చు, ఎవరొద్దన్నారు.


పెద్దచెరువు గట్టు (విజయనగరం)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. తెల్లవారుజాము గారూ, బాత్రూం సంగతి ఇన్నాళ్లలో మా ఎవరి బుర్రకీ తట్టలేదు, ఈరోజే గ్రూపులో రాశాను. విజిల్ కూడా కొన్నాను.

తమ్ముడూ, నీ మాట మా కుర్రాళ్లకి చూపించాను. బుధవారం పొద్దున్న వాళ్లు విడిగా తొక్కుకుంటారు, ఆదివారం ఇద్దరిద్దరు వంతుల మీద స్వీప్ ఉంటామన్నారు. వాళ్లే అన్నారు, నేను అడగలేదు. విడగొట్టే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం. మనుషులు బాగా పెరిగి రోడ్డు మీద ఇబ్బంది అయితే అప్పుడు చూద్దాం, అప్పుడు కూడా టీ దగ్గర రెండు గ్రూపులూ కలిసేలా రూటు వేస్తాను.

మానేసిన ఆయనకి మళ్లీ ఫోన్ చేశాను. ఈ ఆదివారం ఆయన్నే లీడ్ ఉండమన్నాను. ఆయన వేగమే ఆ రోజు అందరి వేగం. వస్తానన్నారు.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

చాలా సంతోషం మాస్టారూ. ఒక జాగ్రత్త చెప్పడం మర్చిపోయాను. ఈ రోజుల్లో మీ వైపు పల్లె రోడ్ల మీద ఉలవలు, మినుములు నూర్పుకి పరిచి ఉంటాయి, బండ్ల చక్రాల కింద నలుగుతాయని. పైకి చాప పరిచినట్టు మెత్తగా కనిపిస్తాయి గానీ లోపల గింజలు గోళీల్లా జారతాయి, తీగలు వెనక గేరుకి చుట్టుకుంటే డీరైలర్ (గేర్లు మార్చే భాగం) విరిగి స్పోకుల్లోకి పోతుంది, మా వాడి సైకిల్ అలాగే పోయింది. దాని మీద బ్రేక్ పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందువాడు చెయ్యెత్తి కేకెయ్యాలి, అందరూ దిగి పక్కనుంచి నడిపించుకుని వెళ్లాలి. రైతుల మీద అరవనివ్వకండి, వాళ్లకి కళ్లం లేకే కదా రోడ్డు మీద వేసుకునేది. మేం ఆగినప్పుడల్లా పలకరిస్తాం, ఇప్పుడు దూరం నుంచి చూసి వాళ్లే కొంచెం దారి ఊడ్చి పెడుతున్నారు.


పెద్దచెరువు గట్టు (విజయనగరం)

నిజమే, నెల్లిమర్ల దాటాక నిన్ననే చూశాను, రోడ్డుకి సగం పరిచేశారు. లీడ్‌కి చెప్తాను. ఊళ్లో ఉన్నవాళ్లు ఎవరైనా రావాలంటే ఆదివారం ఐదుంపావుకి కోట దగ్గర, ముందూ వెనకా లైట్లు తప్పనిసరి, రెండు బాటిళ్ల నీళ్లు. గేర్లు లేని సైకిల్ అయినా పర్వాలేదు. ఎనిమిదిన్నరకి ఇళ్లకి చేరుస్తాం.