సమస్యాపూరణం: వదులు చేసినపుడె పదిలమయ్యె

సంచాలకులు: విజయనగరం గంటస్తంభం దగ్గర చలువ కళ్ళజోళ్ళు బాగుచేసే ఒక పెద్దాయన, కాడ మడతపడే కీలులో, అంటే మడతబందులో, బిగుసుకుపోయిన మరను (స్క్రూను) కొద్దిగా వెనక్కు తిప్పి, "వదులు చేస్తేనే నిలుస్తుంది బాబూ" అన్నారు. ఆ మాట అప్పటికప్పుడే పాదమై కూర్చుంది. దానిని చివరి పాదంగా ఉంచి పద్యం పూరించండి.

నాగావళి:

మరను మిగులఁ దిప్ప మడతబందు బిగిసి
కళ్ళజోడు కాడ కదలదయ్యె;
పావు చుట్టు వెనుకఁ బరిమితముగఁ దిప్పి
వదులు చేసినపుడె పదిలమయ్యె.

వంశధార:

కడలిగాలి యుప్పు కాడ మరను జేరి
తుప్పు పట్టినందునఁ దొలఁగదయ్యె;
నూనె చుక్క వైచి నొవ్వనీక మరను
వదులు చేసినపుడె పదిలమయ్యె.

నాగావళి: వంశధార గారూ, కళింగపట్నం గాలిని పద్యంలోకి తెచ్చిన తీరు బాగుంది. "నొవ్వనీక" అన్న ఒక్క మాటకే ఈ పూరణకు చేతులు జోడించవచ్చు, ఎందుకంటే తుప్పు పట్టిన మరపై మొద్దు స్క్రూడ్రైవరు పెట్టి బలం చూపితే తలలోని గాడి అరిగిపోయి, ఆ తరువాత ఏ పనిముట్టుకూ పట్టు దొరకదు. అయితే రెండవ పాదంలో "నందున" భగణమైంది (ఒక గురువు, రెండు లఘువులు). ఒక్క లఘువు ఎక్కువై పాదం కుంటుతున్నది.

వంశధార: లఘువు సంగతి నిజమే. "తుప్పు రేఁగి యదియుఁ దొలఁగదయ్యె" అని సవరిస్తున్నాను. ఇక తమరి పూరణకు వద్దాం. మడతబందులో ఒక వైపు పళ్ళు రెండవ వైపు పళ్ళ మధ్య ఒదుగుతాయి. మర వాటిని అదిమి ఉంచడం వల్ల పుట్టే రాపిడే కాడను నిలుపుతుంది. పావు చుట్టు వెనక్కు తిప్పి ఊరుకుంటే, కాడను తీసి మూసే కొద్దీ మర తనంత తానే పైకి వచ్చి ఏదో ఒక రోజు జారిపోతుంది. మునుపటి గొడుగు సమస్యలో కూడా తమరి గణాలన్నీ సరిగానే పడ్డాయి కానీ, రెండవ పాదంలో పుల్ల విరిగిన గొడుగు మూడవ పాదంలో హాయిగా తెరుచుకుంది.

చంపావతి: ఇద్దరూ మరనే పట్టుకున్నారు. పాదంలో మర అన్న మాటే లేదు కదా!

చెవుల వెనుక నొత్తి చెంపఁ గాటు పడియె;
వేఁడి నీటఁ గాడ వెచ్చఁజేసి
వంపు నోపికగను బయటకు సడలించి
వదులు చేసినపుడె పదిలమయ్యె.

సంచాలకులు: నన్ను ఆకట్టుకున్న మలుపు ఇదే. మడతబందు చక్కగా ఉన్నా జోడు నొక్కుతున్నదంటే, దోషం చాలాసార్లు చెవి వెనుక వంపులోనే ఉంటుంది. ప్లాస్టిక్ కాడ అయితే వేడి నీటిలో మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. ముంచవలసింది కాడ చివరను మాత్రమే, ఎందుకంటే అద్దం పైపూతకు వేడి పడదు. "ఓపికగను" అన్న మాటను ఇంతకన్న సరైన చోట పెట్టలేము.

వంశధార: చంపావతి గారి పద్యం చక్కనిది, నాకు అభ్యంతరం లేదు. మడతబందు ప్రశ్నకు మాత్రం నాగావళి గారి సమాధానం ఇంకా రాలేదు.

నాగావళి: గొడుగు పూరణ మీద ఆక్షేపణ అప్పుడే వచ్చి ఉంటే అప్పుడే సవరించేవాణ్ణి. మర జారుతుందన్న మాట సబబే. మూడవ పాదాన్ని ఇలా మారుస్తున్నాను:

రంగు చుక్క నద్ది రవ్వ వెనుకఁ దిప్పి

మరకు వన్నెలేని గోళ్ళరంగు ఒక చుక్క అద్ది, కాడ కదలనంతగా కాక, తనంత తాను వాలిపోనంతగా బిగువు చూసి వదిలితే, ఆరిన రంగు మరను పట్టి ఉంచుతుంది. మళ్ళీ విప్పవలసి వస్తే కొద్దిపాటి బలానికే వీడుతుంది.

వంశధార: ఈ పాదాన్ని ఒప్పుకుంటున్నాను. రంగు పూర్తిగా ఆరేదాకా కాడను మడవకూడదన్న సంగతి కూడా ఎక్కడో ఒక చోట ఇమిడితే నాకు ఇక ఆక్షేపణ ఉండదు.