డిస్లెక్సియా ఉన్న బాబుకు పరీక్షలో అదనపు సమయం అడగవచ్చా?

ప్రశ్న: మా బాబు వరంగల్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. నోటితో అడిగితే తడుముకోకుండా చెబుతాడు కానీ, రాయమంటే ఒత్తులు, గుణింతాలు తారుమారవుతాయి. అదనపు సమయం ఇమ్మని కోరితే, ఒక్కడి కోసం నియమాలు మార్చలేమన్నారు. చట్టంలో దీనికి ఆధారం ఉందా?

జవాబు: ఉందమ్మా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఒకటి; డిస్లెక్సియా దీని కిందికే వస్తుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాలలు విద్యార్థి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్, ప్రభుత్వం పరీక్షల్లో అదనపు సమయం, విద్యార్థి చెబుతుంటే రాసిపెట్టే లేఖకుడి సాయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులు తేవాలని 17వ సెక్షన్ చెబుతున్నాయి. నోటిమాటతో సరిపెట్టకుండా, ఈ సెక్షన్లను ఉటంకిస్తూ అర్జీ రాసి, నకలుపై తేదీతో సంతకం తీసుకోండి. కాదని కాగితం మీద రాసివ్వడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు!

మరో జవాబు: పై సలహా సరైనదే గానీ, పదో తరగతి బోర్డు పరీక్షల వేళకు వైద్య ధ్రువపత్రం చేతిలో ఉండాలి కనుక ఆ ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టండి. అందులో వైకల్య శాతం తక్కువ వచ్చినా నిరాశపడవద్దు. లేఖకుడి సాయానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాలన్న వాదనను వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లో తోసిపుచ్చింది. పాఠశాల స్పందించకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. సోమవారమే అర్జీ ఇస్తాను.