తగలోగు ‘సబోన్’లో ‘స’ ఎక్కడిది?

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లోని తగలోగు భాషలో సబ్బును ‘సబోన్’ అంటారు. స్పానిష్‌లో అది ‘హబోన్’, రాసేది జె అక్షరంతో. మరి ‘హ’ బదులు ‘స’ ఎలా వచ్చింది? మన ‘సబ్బు’లాగా పోర్చుగీసు మాటా?

జవాబు: పోర్చుగీసు దాకా వెళ్లక్కర్లేదండీ. ఈ మాట అక్కడికి చేరేనాటికి స్పానిష్ వాళ్ల నోట ఆ ‘హ’ ఇంకా స్థిరపడలేదు. స్పానిష్ సేనాని లెగాస్పి ఫిలిప్పీన్స్‌లోని సెబూలో దిగింది 1565లో, మనీలాను రాజధాని చేసుకున్నది 1571లో. అప్పట్లో ఈ మాటను ‘షబోన్’ అని పలికేవారు, ఎక్స్ అక్షరంతోనూ రాసేవారు. తగలోగులో ‘ష’ లేదు, దగ్గరున్నది ‘స’. అలా ‘సబోన్’ అయింది. 17వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆ ‘ష’ వెనక్కి, గొంతు వైపు జరిగి ఇప్పటి ధ్వని అయింది. పాత పలుకు మాత్రం తగలోగులో మిగిలిపోయింది.

ఇదే దారిలో ‘హుగార్’ (ఆడటం) అక్కడ ‘సుగల్’, అంటే జూదం. ‘హికమ’ అనే దుంప ‘సింకమాస్’ అయింది. ఇది మెక్సికోలోని నహువాత్ల్ మాట, అకపుల్కో-మనీలా ఓడల దారిలో వచ్చింది. చివరి ‘స్’ స్పానిష్ బహువచనం, కానీ తగలోగుకు అది పట్టదు: ఒక్క ఉల్లిపాయైనా ‘సిబుయాస్’ అనే అంటారు. బహువచనం కావాలంటే ముందు ‘మఙా’ చేర్చాలి.

ఇక మన ‘సబ్బు’కు మూలం పోర్చుగీసు ‘సబావ్’ అనే ఎక్కువమంది చెప్తారు. ఉర్దూలో ‘సాబూన్’ కూడా ఉంది. అన్నిటికీ వెనక లాటిన్ ‘సాపో’ ఉంది.

ప్రశ్న: అయితే ‘కహోన్’ (పెట్టె), ‘త్రబహో’ (పని) తర్వాత వచ్చినవేనా? ‘స’ ఉంటే పాతది, ‘హ’ ఉంటే కొత్తది అనుకోవచ్చా?

జవాబు: సగం వరకే. జె ఉన్నచోట ‘స’ కనిపిస్తే ఆ మాట తొలినాళ్లదని ధైర్యంగా చెప్పొచ్చు. ‘హ’ ఉన్నంత మాత్రాన కొత్తదని తేల్చలేం. స్పానిష్ పాలన 1898 దాకా సాగింది కాబట్టి, ముందే వచ్చిన మాటను కూడా తర్వాతి పలుకుబడికి తగ్గట్టు దిద్దుకుని ఉండొచ్చు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. తగలోగులో ‘స’ కనబడగానే పాత ‘ష’ అనుకోకండి. ‘సపాతోస్’ (బూట్లు) స్పానిష్‌లో జెడ్‌తో మొదలవుతుంది. ‘సినేలస్’ (ఇంట్లో వేసుకునే చెప్పులు) అసలు రూపం ‘చినేలస్’. అక్కడ ‘చ’ కాస్తా ‘స’ అయింది. ముందు స్పానిష్ స్పెల్లింగ్ చూడాలి. అక్కడ ఇప్పుడు జె, పాత రాతలో ఎక్స్ లేదా జె ఉంటేనే ఈ సూత్రం పనిచేస్తుంది.

ఇంకొకరు: ‘సబోన్’ను తగలోగు తన వ్యాకరణంలో ఎలా ఇముడ్చుకుందో కూడా చూడండి. చివర ‘ఇన్’ చేరితే ‘సబునిన్’, అంటే సబ్బుతో రుద్దు అని. ‘ఓ’ కాస్తా ‘ఉ’ అయింది. జరిగిపోయిన పనైతే అదే ‘ఇన్’ మాట మధ్యలోకి, మొదటి హల్లు పక్కకి దూరుతుంది: స్-ఇన్-అబోన్, ‘సినబోన్’. దానికి సబ్బు రుద్దారనే కాదు, గట్టిగా చీవాట్లు పెట్టారనే అర్థం కూడా ఉంది. మనం ‘పై అధికారి తలంటాడు’ అంటామే, అచ్చం అలాగే.