పాత ఫెర్గూసన్ పెట్రోల్ ట్రాక్టర్ టైమింగ్: బల్బు పెట్టి చూడాలా, చెవితో పెట్టాలా?

హోస్కోటె కుర్రోడు: నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తాను, పొలం హోస్కోటె దగ్గర. తాతగారి ఫెర్గూసన్ టీఈ20 ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంటే నాన్న, నేను కలిసి లేపాం. పాయింట్లు (విడిపోయినప్పుడు స్పార్కు పుట్టించే కాంటాక్టులు), కండెన్సర్ జేసీ రోడ్డులో దొరికాయి. ఇంజన్ నడుస్తోంది కానీ ట్రాలీతో చెరువు కట్ట ఎక్కేసరికి చచ్చిపోతోంది. పొగ బయటికెళ్లే మేనిఫోల్డ్ ఎర్రబడుతోంది. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో స్పార్కు పడే క్షణం, ఎలా పెట్టాలి?

కన్నడబ్బాయ్: ట్రాక్టరుకి ఇగ్నిషన్ ఏంటి బ్రో? డీజిల్ కదా.

రిటైర్డ్ ఫిట్టర్: అవి 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన బండ్లు. డీజిల్‌వి తర్వాత వచ్చాయి. పెట్రోలువి, కిరసనాయిలువి కాయిల్, ప్లగ్గులతోనే నడుస్తాయి.

జేసీ రోడ్డు పాతకాపు: తమ్ముడూ, లోడు మీద లాగట్లేదు, మేనిఫోల్డ్ ఎర్రబడుతోంది అంటే స్పార్కు ఆలస్యంగా పడుతోంది. ప్లగ్గులకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంది కదా, దాని క్లాంపు వదులు చేసి, ఇంజన్ నడుస్తుండగా లోపలి రోటర్ తిరిగే వైపుకి ఎదురుగా కొంచెం కొంచెం తిప్పు. లోడు పడ్డప్పుడు ఇంజన్‌లో టకటక (నాకింగ్) మొదలయ్యాక ఒక్క పిసరు వెనక్కి తెచ్చి బిగించెయ్. నాలుగు డిగ్రీలు ముందుకెళ్తే చాలు.

గేర్‌బాక్స్ గోవిందం: క్యాప్ తీసి రోటర్‌ని చేత్తో కొంచెం తిప్పి వదిలితే స్ప్రింగు మీద వెనక్కి వస్తోందా?

రిటైర్డ్ ఫిట్టర్: నాలుగు డిగ్రీలంటే ఎక్కడ? క్రాంకు, అంటే ఇంజన్ ప్రధాన షాఫ్టు, రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు. అక్కడ నాలుగు తిప్పితే క్రాంకు మీద ఎనిమిది అవుతుంది.

అసలు ముందు చూడాల్సింది పాయింట్ల మధ్య గ్యాపు. కొత్త పాయింట్లు వేస్తే టైమింగ్ దానంతటదే మారుతుంది. గ్యాపు ఎక్కువైతే పాయింట్లు ముందే విడిపోతాయి, తక్కువైతే ఆలస్యంగా. నేను పన్నెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెడతాను. తర్వాత మొదటి సిలిండర్ ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ముందువైపు స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజన్‌ని మెల్లగా తిప్పు. గాలి వేలిని నెట్టే స్ట్రోకులో టైమింగ్ గుర్తు దగ్గర ఆపు. డిస్ట్రిబ్యూటర్ చిన్న వైరుకీ బాడీకీ మధ్య బల్బు పెట్టి, స్విచ్ వేసి, డిస్ట్రిబ్యూటర్ తిప్పు. ఏ క్షణం వెలిగితే ఆ క్షణం పాయింట్లు విడిపోయినట్టు. అక్కడ బిగించు.

జేసీ రోడ్డు పాతకాపు: డిగ్రీలు ఎవరు కొలిచారు సార్, మాటవరసకి అన్నాను. డెబ్భై ఏళ్ల ఇంజన్‌లో టైమింగ్ చైన్ సాగి ఉంటుంది, పుల్లీ ఎన్నిసార్లు మార్చారో ఎవరికి తెలుసు? ఆ గుర్తుని నమ్మేదెలా? ఒకసారి ఓ ఎస్టేటు దొరగారి బండికి గుర్తు చూసి పెట్టాను. బండి కదల్లేదు. పదిమంది ముందు తిట్టి, కూలి కూడా ఎగ్గొట్టాడు. ఆ రోజు నుంచి గుర్తు వంక చూడలేదు.

రిటైర్డ్ ఫిట్టర్: పుల్లీ అనుమానమైతే పిస్టన్ పైకొచ్చే చోటు చూసుకుని కొత్త గుర్తు పెట్టుకోవాలి. మీకు కూలి ఎగ్గొడితే దోషం గుర్తుదా?

కన్నడబ్బాయ్: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

హోస్కోటె కుర్రోడు: నిన్న పాతకాపు అన్న చెప్పినట్టే తిప్పాను. టకటక ఎంతకీ రాలేదు, అందుకని ఇంకా ముందుకు జరిపాను. కట్ట ఎక్కేసింది, నాన్న ఎగిరి గంతేశారు. సాయంత్రం మళ్లీ లేపబోతే హ్యాండిల్ ఎదురు కొట్టింది. మణికట్టు వాచింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు.

జేసీ రోడ్డు పాతకాపు: హ్యాండిలా? సెల్ఫ్ లేదా? గేర్ రాడ్ ఎస్‌లోకి తోస్తే స్టార్ట్ అవ్వాలి కదా ఆ బండి!

హోస్కోటె కుర్రోడు: సెల్ఫ్ మోటారు రివైండింగుకి ఇచ్చి మూడు వారాలైంది.

రిటైర్డ్ ఫిట్టర్: ఇదీ చెవి వైద్యం! మా నాన్నగారికి బొటనవేలు సరిగ్గా ఇలాగే పోయింది. ఓ మెకానిక్ విని పెట్టి వెళ్లాడు, మర్నాడు పొద్దున హ్యాండిల్ తిప్పింది ఆయన. విని పెట్టేవాడు ఎప్పుడూ హ్యాండిల్ పట్టుకోడు! బాబూ, నాన్నగారికి చెప్పు, బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి, కిందనుంచి పైకి లాగాలి.

జేసీ రోడ్డు పాతకాపు: సార్, మర్యాదగా మాట్లాడండి. సెల్ఫ్ లేదని ముందే చెప్పి ఉంటే నేనే వద్దనేవాణ్ణి. మీకు జీతమిచ్చి పుస్తకం చూపించి నేర్పారు. మాకు స్పానర్ విసిరి నేర్పారు. ఆ చెవే ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది.

రిటైర్డ్ ఫిట్టర్: మీ చెవిని తప్పుపట్టడం లేదు. అది విన్న పెట్రోలు ఇప్పుడు లేదంటున్నాను. బాబూ, ఆ బండికి ట్యాంకులు రెండున్నాయా?

హోస్కోటె కుర్రోడు: అవును సార్, లోపల చిన్నదొకటి ఉంది.

రిటైర్డ్ ఫిట్టర్: అయితే అది కిరసనాయిలు మోడల్. పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చేవాళ్లు. కంప్రెషన్ నిష్పత్తి ఆరుకు లోపే. దాంట్లో నువ్వు పోస్తున్నది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆక్టేన్ 95. ఆక్టేన్ పెరిగేకొద్దీ టకటక తగ్గుతుంది. అంత తక్కువ కంప్రెషన్‌కి ఆ పెట్రోలు పోస్తే టకటక ఎక్కణ్ణుంచి వస్తుంది? శబ్దం వచ్చేదాకా తిప్పమంటే రోజంతా తిప్పుతూనే ఉంటావు.

జేసీ రోడ్డు పాతకాపు: ఇది మొదటే చెప్పొచ్చుగా, డిగ్రీల గొడవ ఎందుకు? ఈ20తో మిక్స్చర్ కూడా లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం చాలదు, కార్బురేటర్ జెట్ చూడాలి. అయినా ముందుకు తిప్పితే కట్ట ఎక్కిందా లేదా? దానికేమంటారు?

హోస్కోటె కుర్రోడు: ఆదివారం గ్యాపు చూశాను, ఎక్కువే ఉంది. సరిచేసి బల్బుతో పెట్టాను. హ్యాండిల్ మెత్తగా తిరుగుతోంది, ఎదురు కొట్టట్లేదు. కానీ కట్ట దగ్గర మళ్లీ చచ్చిపోయింది.

జేసీ రోడ్డు పాతకాపు: చెప్పానా!

గేర్‌బాక్స్ గోవిందం: మళ్లీ అడుగుతున్నా. రోటర్ తిప్పి వదిలితే వెనక్కి వస్తోందా?

హోస్కోటె కుర్రోడు: ఇప్పుడే చూశాను అన్నా. అసలు కదలడమే లేదు. కింద ప్లేటు తీస్తే బరువులు తుప్పుపట్టి అతుక్కుపోయి ఉన్నాయి.

గేర్‌బాక్స్ గోవిందం: వేగం పెరిగితే స్పార్కుని ముందుకు జరిపేవి అవే. అవి అతుక్కుపోతే నిలకడ మీద టైమింగ్ సరిగ్గా ఉన్నా లోడు మీద వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి మొత్తం డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పావు కాబట్టే హ్యాండిల్ కొట్టింది. కిరసనాయిలులో నానబెట్టు.

రిటైర్డ్ ఫిట్టర్: నేనూ అదే చెప్పబోతున్నాను.

జేసీ రోడ్డు పాతకాపు: ఎప్పుడు సార్?