మ్యూజ్‌స్కోర్‌లో పాటకు ట్రాక్ తయారుచేయడంలో మూడు చిక్కులు

స్వరసాధన:
నమస్కారం. నేను పిల్లలకు లలిత గీతాలు నేర్పుతాను. వార్షికోత్సవానికి వాద్యకారులను పిలిచే వీలు లేనందున, మిశ్రచాపులో (ఏడు అక్షరాల, అంటే ఏడు లెక్కల తాళం) ఉన్న ఒక గీతానికి, స్వరలిపి రాస్తే వాయించి వినిపించే ప్రోగ్రామ్ మ్యూజ్‌స్కోర్ 4లో 7/8 కొలతతో వేణువు, వయొలిన్లు, డ్రమ్స్ రాసుకున్నాను. వేగం 80 పెట్టినా పాట పరుగెడుతోంది. వేణువు మీద పాట వరస గమకాలు (స్వరాన్ని ఊపి పలికించే సొగసులు) లేక బోసిగా ఉంది. పైగా ప్రోగ్రామ్‌లో వాయించేటప్పుడు పాటకు ముందు వినిపించే లెక్క (కౌంట్-ఇన్) ఎంపీ3 ఫైలులో లేకపోవడంతో పిల్లలు ఎత్తుగడ తప్పుతున్నారు. ఏం చేయమంటారు?

లయవిన్యాసం:
మీరు క్వార్టర్ నోటుకు 80 అని రాసి ఉంటారు. 7/8లో మన అక్షరం ఎయిత్ నోటు (క్వార్టర్ నోటులో సగం) కాబట్టి నిమిషానికి 160 అక్షరాలు పడుతున్నాయి. టెంపో గుర్తునే ఎయిత్ నోటుకు 80గా మారిస్తే ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) అయిదుంబావు సెకన్లు వస్తుంది. ఇక ముందు లెక్క వాయించి వినేటప్పటి సౌకర్యమే తప్ప ఫైలులోకి రాదు. అందువల్ల మొదట రెండు ఖాళీ ఆవర్తనాలు చేర్చి, ‘తకిట తకధిమి’కి సరిపోయేలా 1, 4, 6 అక్షరాల మీద కర్ర దెబ్బ రాయండి. పాట సమం (ఆవర్తనంలో మొదటి అక్షరం) మీద కాక ఒక అక్షరం తరువాత మొదలైతే ఈ దెబ్బలు మరీ అవసరం.

పాతహార్మోనియం:
గమకాల విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినమైనది: పాట వరసను ట్రాక్‌లో ఉంచవద్దు. స్వరం స్థాయిని సెంట్లలో (అర్ధస్వరంలో నూరో వంతుల్లో) సవరించే వీలుంది నిజమే, కానీ నేను ఒక చరణానికి అలా చేసి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. చివరికి వినిపించింది గమకం కాదు, అపశ్రుతి. మిక్సర్‌లో వేణువును మ్యూట్ చేసి ఎగుమతి చేస్తే వేదిక మీదికి ఒక ఫైలు, మ్యూట్ తీసి చేస్తే సాధనకు మరొకటి వస్తాయి. వయొలిన్లకు కార్డ్‌లు (ఒకేసారి కలిపి వాయించే స్వరాలు) రాసేటప్పుడు రాగాన్ని చూసుకోండి. ఉదాహరణకు హిందోళంలో రిషభ పంచమాలు లేవు, కాబట్టి అలవాటుగా స-గ-ప కలిపి వాయిస్తే రాగం అక్కడికక్కడే చెడుతుంది.

తీగెలవాద్యం:
శ్రుతి మార్చవలసి వస్తే తయారైన ఆడియోను సాగదీయకుండా, స్కోరు (రాసుకున్న స్వరలిపి) మొత్తం ఎంచుకుని ట్రాన్స్‌పోజ్ చేయండి, అంటే స్వరాలన్నిటినీ ఒకే మేర జరపండి. ఐదు శ్రుతి నుండి ఐదున్నరకు ఒక్క అర్ధస్వరం చాలు.

స్వరసాధన:
ధన్యవాదాలు. ఎయిత్ నోటుకు మార్చగానే నడక కుదిరింది. ఐదున్నర పిల్లలకు అందలేదు, ఐదుకే ఉంచాను. వేణువు తీసేశాక ఇద్దరు చరణం మొదట్లో తడబడుతున్నందున, అక్కడ మాత్రం వయొలిన్ మీద ఎత్తుగడ స్వరం ఒక్కటి ముందుగా వినిపిస్తున్నాను.