పగడాల గురించి ఐదేళ్ల పాపకి చెప్పే పుస్తకం ఏదైనా ఉందా?

మాది శ్రీకాకుళం. పోయిన ఆదివారం కళింగపట్నం బీచ్‌లో మా ఐదేళ్ల పాప వాళ్ల నానమ్మ ఉంగరంలోని పగడం చూసి "ఇది రాయా, చెట్టా?" అని అడిగింది. సముద్రంలో చిన్న జీవులు కట్టుకున్నదమ్మా అన్నాను. అప్పటి నుంచి ఒకటే ప్రశ్నలు.

ఉంగరంలోది వేరే జాతి, దిబ్బలు కట్టే పగడాలు వేరు. దిబ్బలు కట్టే ఆ జీవి ఎంత ఉంటుందో చూపిద్దామని అరచేతిలో ఆవగింజ పెట్టాను. చాలాసేపు చూసి, "దీనికి నోరుంటుందా?" అంది. ఉంటుంది. దాని ఒంట్లోని నాచు ఎండతో తిండి తయారుచేసి పెడుతుందని, నీళ్లు బాగా వేడెక్కితే ఆ నాచు బయటికి పోయి పగడం తెల్లబడిపోతుందని కూడా చెప్పాను. ఇక బొమ్మలు లేకుండా ముందుకెళ్లలేకపోతున్నాను.

చేపలు మాట్లాడే కథలు ఇంట్లో చాలానే ఉన్నాయి. నాకు కావలసింది నిజం ఫొటోలు, పేజీకి రెండు మూడు వాక్యాలు. తెలుగులో దొరికితే అదృష్టం, ఇంగ్లీషైనా పక్కన కూర్చుని చెప్పుకుంటాను. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ పగడాలు ఉంటే మరీ మంచిది.

ఇంకొకటి, పగడాలు తెల్లబడి చనిపోవడం గురించి ఈ వయసులో చదివి వినిపించొచ్చా? మీ పిల్లలు ఎలా తీసుకున్నారో దయచేసి చెప్పండి.