లెక్కలంటే బెదరని పిల్లకు రసాయన శాస్త్రమంటే ఎందుకింత భయం?

ప్రశ్న

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. లెక్కల్లో చురుకైనదే గానీ, రసాయన శాస్త్రం పుస్తకం తెరిచేసరికి ముఖం వాడిపోతుంది. పరీక్ష ముందు రోజు రాత్రి కడుపులో తిప్పుతోందంటూ నిద్రపోదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే సమీకరణాన్ని తుల్యం చేయబోయి, అంటే రెండు పక్కలా పరమాణువుల లెక్క సమానం చేయబోయి, ఒకే చోట ఎన్నిసార్లు చెరిపిందో గానీ నోటుపుస్తకంలో కాగితం చిరిగిపోయింది. "రెండు పక్కలా లెక్క సరిపోయింది కదా, తప్పెందుకు అయింది?" అని అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు ఎలా సాయపడాలి?

జవాబు 1

నేను ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయురాలిని. మీ అమ్మాయి నీటి సూత్రంలో ఆక్సిజన్ పక్కన, కింద 2 చేర్చి ఉంటుందని నా ఊహ. అలా చేస్తే లెక్క నిజంగానే సరిపోతుంది, కానీ అక్కడ నీటికి బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చి కూర్చుంటుంది. కింది అంకె మారిస్తే పదార్థమే మారిపోతుందని, ముందు వేసే అంకె అణువుల సంఖ్యను మాత్రమే చెబుతుందని ఎవరో ఒకరు నిదానంగా చూపించాలి.

అలెక్స్ జాన్‌స్టన్ అనే రసాయన శాస్త్ర విద్యావేత్త 1991లో రాసిన వ్యాసంలో ఈ కష్టానికి మూలం వివరించారు. కంటికి కనిపించే పదార్థం, కనిపించని కణాలు, కాగితం మీది గుర్తులు అనే మూడు స్థాయుల మధ్య మేము ఒకే వాక్యంలో తిరిగేస్తాం. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆ మూడింటినీ ఒకేసారి మనసులో నిలుపుకోలేక తమకు తెలివి లేదనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను, అందుకు ఇప్పటికీ బాధపడతాను. గుర్తులను పక్కన పెట్టి, ముందు అణువులను రంగు గుండ్రాలుగా గీయించండి.

జవాబు 2

పాఠం భయం, పరీక్ష భయం, ప్రయోగశాల భయం వేర్వేరని గమనించండి. నాకు మూడోది ఉండేది. టైట్రేషన్‌లో, అంటే ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ రెండోదాని గాఢత కనుక్కునే ప్రయోగంలో, చేయి వణికి బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి క్షారం ఎక్కువగా పడగానే, రంగు మారి సూచన ఇచ్చే ఫినాఫ్తలీన్ ముదురు గులాబీ రంగుకు తిరిగింది, నేను ఏడ్చేశాను. మొదటిసారి చేసేది ఉజ్జాయింపు కోసమేనని, ఆ రీడింగ్ చూసుకుని మళ్లీ మొదలుపెట్టమని మా మాస్టారు చెప్పారు. ఆ మాట పాఠానికి ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

జవాబు 3

బొమ్మలతో పాటు కొంత కంఠస్థం కూడా తప్పదు. సంయోజకతలు, అంటే ఒక్కో మూలకం ఎన్ని బంధాలు ఏర్పరుస్తుందో చెప్పే అంకెలు, నోటికి రాకపోతే సూత్రం రాసే ప్రతిసారీ పిల్లలు అక్కడే తడబడతారు. రోజుకు రెండు మూడు చాలు.

ప్రశ్న అడిగినవారు

ఈ సాయంత్రం గుండ్రాలు గీశాం. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు విడదీసి రెండు నీటి అణువులు పేర్చాక, "అయితే నా లెక్క తప్పు కాదు, నేను వేరే పదార్థాన్ని తయారుచేశాను" అంది. తర్వాత అమ్మోనియా సమీకరణాన్ని తనే గీసుకుని, ఒక నత్రజని అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు కావాలని తేల్చింది. వచ్చే వారం మోల్ భావన, అంటే కణాలను పెద్ద గుంపులుగా లెక్కించే పద్ధతి, మొదలవుతుందట. దాన్ని కూడా బొమ్మలతోనే మొదలుపెట్టవచ్చా, మేడమ్?